కాక్టస్, స్పీడ్‌బర్డ్, షామ్‌రాక్: మన విమానాలకూ ఇలాంటి కాల్‌సైన్లు కావాలా?

గాలిమోటార్_గిరి:
టికెట్ మీద 6ఈ అని ఉంటుంది, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ స్క్రీన్ మీద ఐజీవో అని కనబడుతుంది, రేడియోలో పైలట్ "ఐఫ్లై" అంటాడు. మూడూ ఇండిగోవే. ఈ మూడోదాన్నే కాల్‌సైన్ అంటారు. బయటివాళ్లవి చూడండి. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి స్పీడ్‌బర్డ్. ఐర్లాండ్ వాళ్ల ఏర్ లింగస్‌కి షామ్‌రాక్. సౌత్ ఆఫ్రికన్‌కి స్ప్రింగ్‌బాక్, తైవాన్‌లోని చైనా ఎయిర్‌లైన్స్‌కి డైనస్టీ, పాత అమెరికన్ కంపెనీ పాన్ యామ్‌కి క్లిప్పర్. నార్వేజియన్ వాళ్ల బ్రిటన్ శాఖ అయితే ఏకంగా రెడ్‌నోస్ పెట్టుకుంది, విమానాల ముక్కుకి ఎర్ర రంగు కదా మరి!

మన దగ్గరో? ఎయిరిండియాకి ఎయిరిండియా, స్పైస్‌జెట్‌కి స్పైస్‌జెట్, ఆకాశ ఎయిర్‌కి ఆకాశ ఎయిర్. ఎయిర్‌ఏషియా ఇండియాకి రెడ్ నైట్ అని ఉండేది, అదీ పోయింది. మన హైదరాబాద్ ట్రూజెట్ ఎగిరినన్నాళ్లూ రేడియోలో కూడా ట్రూజెట్టే. పేరు పెట్టుకోవడంలో కూడా ఇంత పిసినారితనమా?

టవర్_మామ:
గిరి గారూ, రిటైరైన కంట్రోలర్‌ని, చెబుతా వినండి. కాల్‌సైన్ ప్రయాణికుల్ని నవ్వించడానికి కాదు. పొట్టిగా ఉండాలి, నోరు తిరగాలి, ఇంకోదానిలా వినబడకూడదు. అందుకే ఏ దేశం ఏ కంపెనీకి అడిగినా మాంట్రియల్‌లో ఐసీఏవో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) వాళ్లు చూసి నమోదు చేస్తారు. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌ని రేడియోలో "ఎక్స్‌ప్రెస్ ఇండియా" అంటారు, తెలుసా? మాటలు అలా తిరగేయకపోతే ఎయిరిండియా, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నప్పుడు మా గతేమిటి?

మా కాలంలో విమానానికో కాగితం పట్టీ ఉండేది, ప్లాస్టిక్ హోల్డర్‌లో పెట్టి వరసగా పేర్చేవాళ్లం. ఎత్తు మారినప్పుడల్లా పాతది కొట్టేసి పక్కన పెన్నుతో కొత్తది రాసుకోవడం. ఒక సాయంత్రం ఒకే కంపెనీవి 451, 415 ఒకదాని కింద ఒకటి వచ్చాయి. దిగమన్నది 451ని, "దిగుతున్నా" అన్నది 415. గొంతు తేడాగా ఉందని పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆ కంపెనీకి ఏ ముద్దుపేరు ఉన్నా జరిగేది అదే. గొడవంతా అంకెల దగ్గరే.

బందరు_లడ్డు:
స్పీడ్‌బర్డ్‌కి బర్డ్ తగిలితే రిపోర్టులో ఏమని రాస్తారు మామా?

గాలిమోటార్_గిరి:
మామా, మీరు చెప్పింది నా వాదనకే బలం. 2009 జనవరి 15, న్యూయార్క్. యూఎస్ ఎయిర్‌వేస్ 1549, పైకి లేవగానే బాతుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ పోయాయి, హడ్సన్ నదిలో దింపారు, 155 మందీ బతికారు. దాని కాల్‌సైన్ కాక్టస్. సహాయం కోసం పిలిచినప్పుడు కెప్టెన్ సల్లెన్‌బర్గర్ "కాక్టస్ 1539" అన్నాడు. అంత టెన్షన్‌లో అంకె జారింది, పేరు జారలేదు. మనసులో దిగిపోయే పేరు ఉంటే ఉపయోగం అదీ.

డల్లాస్_డీఆర్:
1539 కాదు బ్రదర్, 1529. ఆడియో చాలాసార్లు విన్నాను.

గాలిమోటార్_గిరి:
1539. ట్రాన్స్‌క్రిప్ట్ చూసుకోండి.

డల్లాస్_డీఆర్:
నేను ఇక్కడే ఉంటాను, ఈ సంగతులు మాకు చెప్పకండి. 1529.

వైజాగ్_శిరీష:
పైలట్ అన్నది 1539, కంట్రోలర్ పలికింది 1529. రెండూ రికార్డులో ఉన్నాయి.

డల్లాస్_డీఆర్:
అదే కదా నేను అంటున్నది, 1529 అన్నారని.

టవర్_మామ:
ఇద్దరూ అంకె మార్చేశారు, అయినా పని జరిగింది. ఎందుకంటే ఆ నిమిషంలో కష్టంలో ఉన్నది ఒక్కటే విమానం. అందులో కాక్టస్ గొప్పేముంది? యునైటెడ్ అని ఉన్నా పని జరిగేది.

సరదా పేర్లంటున్నారు కాబట్టి అడుగుతున్నా. అమెరికాలో వాల్యూజెట్ అనే కంపెనీ ఉండేది, దాని కాల్‌సైన్ క్రిట్టర్. విమానం మీద నవ్వుతున్న బొమ్మ, దానికి తగ్గ ముద్దుపేరు. 1996 మే 11న ఫ్లోరిడా చిత్తడి నేలల్లో క్రిట్టర్ 592 కూలింది, 110 మందీ పోయారు. మరుసటి ఏడు ఎయిర్‌ట్రాన్‌లో కలిశాక రేడియోలో సిట్రస్ అయిపోయింది. మంచి రోజుల్లో బాగానే నవ్వుకుంటాం. చెడ్డ రోజున ఆ కంట్రోలర్ ఆ పేరునే పదేపదే పిలవాలి, జవాబు రాకపోయినా పిలవాలి.

గాలిమోటార్_గిరి:
ఆ విమానం కార్గోలో పెట్టిన ఆక్సిజన్ జనరేటర్ల వల్ల మంటలంటుకుని కూలింది, పేరు వల్ల కాదు.

టవర్_మామ:
పేరు వల్ల కూలిందని నేనెక్కడన్నాను?

వైజాగ్_శిరీష:
మామ గారికి ఒక ప్రశ్న. నేను పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాను. మాకు కంపెనీ పేరేమీ ఉండదు, విమానం రిజిస్ట్రేషన్ అక్షరాలే పిలుపు. మొదటిసారి ఒంటరిగా సర్క్యూట్ (రన్‌వే చుట్టూ ఒక చుట్టు) చేస్తున్న రోజు తొడ మీద కట్టుకున్న ప్యాడ్‌లో ఏం చెప్పాలో మొత్తం రాసుకుని, అక్షరం అక్షరం చదివాను. టవర్ నుంచి "సే అగైన్", అంటే మళ్లీ చెప్పమని. మళ్లీ చెప్పాను. "సే అగైన్". మూడోసారి కూడా అదే, ఈసారి గొంతులో విసుగు. నా వెనకాల వచ్చిన ఇంకో కుర్రాడు ఇంగ్లిష్ మీడియం యాసలో గబగబా సగం మింగేస్తూ చెప్పాడు, అతనికి వెంటనే "రోజర్", అంటే విన్నామని. స్పష్టత, స్పష్టత అంటారు కదా, అది ఎవరి చెవికి?

టవర్_మామ:
అమ్మా, కంట్రోలర్‌కి వినబడకపోతే అడగక ఊహించుకోమంటావా? 1996లో హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ, కజఖ్ విమానాలు ఢీకొని 349 మంది పోయారు. కజఖ్ సిబ్బందికి ఇంగ్లిష్ సరిగా అందకపోవడం గురించి విచారణలో ఎంత చర్చ జరిగిందో చదువు. "సే అగైన్" అంటే తిట్టు కాదు.

వైజాగ్_శిరీష:
తిట్టని నేనూ అనలేదండీ. అడిగిన తీరు గురించి అన్నాను.

గాలిమోటార్_గిరి:
చూశారా, ఇదే ఈయన వరస! ఎవరేం చెప్పినా శవాల లెక్క తెచ్చి నోరు మూయిస్తారు. ఆ పిల్ల మాటకి జవాబు చెప్పకుండా చర్ఖీ దాద్రీ తెచ్చారు. టవర్‌లో కూర్చున్నంత మాత్రాన ఆకాశం మీ సొంతమా?

టవర్_మామ:
మర్యాదగా మాట్లాడు. నువ్వు ఫోన్‌లో విమానాల మ్యాప్ చూసి మురిసిపోతావు, మేము ఆ చుక్కలు తగులుకోకుండా చూసి బీపీ తెచ్చుకున్నాం.

గాలిమోటార్_గిరి:
ఫోన్‌లో చూసేవాణ్ని కాదు నేను. ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగేచోట, పని చేసినవాణ్ని. కంపెనీ పేరు చెప్పను, మూతపడింది. జీతాలు ఆగిపోయాక కూడా నెలల తరబడి డ్యూటీకి వెళ్లాం, రేపో మాపో ఇస్తారని. బకాయిలు ఇప్పటికీ రాలేదు. ఐడీ కార్డు వెనక్కిచ్చేశాం, యూనిఫాం ఇచ్చేశాం. రేడియోలో మా పేరు వినబడటం కూడా ఆగిపోయింది. పాన్ యామ్ 1991 డిసెంబర్‌లో మూతపడింది, ఇవాళ్టికీ క్లిప్పర్ అంటే విమానాల మనిషి ఎవడైనా టక్కున చెబుతాడు. మాది కంపెనీ పేరే కాబట్టి, కంపెనీకి వచ్చిన చెడ్డపేరే దానికీ అంటుకుంది. మాకంటూ వేరే పేరు ఉండి ఉంటే, ఓనరు చేసిన దానికి దూరంగా అదొక్కటైనా శుభ్రంగా మిగిలేది. నేనడుగుతున్నది అదీ. మీకు చెబితే అర్థం కాదు.

డల్లాస్_డీఆర్:
గిరి గారూ, పేరు మిగిలినా సుఖం లేదు. కాక్టస్ అసలు అమెరికా వెస్ట్ అనే కంపెనీది. 2005లో యూఎస్ ఎయిర్‌వేస్‌తో కలిశాక విమానం మీద యూఎస్ ఎయిర్‌వేస్ పేరు, రేడియోలో అమెరికా వెస్ట్ పిలుపు. సీనియారిటీ లిస్టు కోసం రెండు పక్షాల పైలట్లూ ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్టుకున్నారు. 2013లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో కలిశాక, 2015లో కాక్టస్ కూడా పోయింది. పిలుపు గెలిచినంత మాత్రాన సీనియారిటీ గొడవ తీరలేదు.

బందరు_లడ్డు:
విస్తారా కూడా అంతేగా. 2024 నవంబర్ 11 దాకా విస్తారా, తెల్లారేసరికి ఎయిరిండియా.

టవర్_మామ:
గిరీ, నీ బకాయిల సంగతి విని బాధగానే ఉంది. కానీ నీ కోపం ఆ ఓనరు మీద, తీర్చుకుంటున్నది మా ఫ్రీక్వెన్సీ మీద. కాల్‌సైన్ ఉద్యోగుల ఆస్తి కాదు. ఎగిరినంతసేపు ఆ విమానాన్ని పక్క విమానం నుంచి విడిగా గుర్తుపట్టాలి, దిగాక దాంతో పని లేదు. కంపెనీ పోయాక ఆ పేరు ఇంకెవరికిచ్చినా నాకు అభ్యంతరం లేదు.

గాలిమోటార్_గిరి:
నాకుంది. మన గొడవ మొదటినుంచీ అదే. సరదా పేరా సాదా పేరా అన్నది తర్వాతి సంగతి. పేరు రేడియోది అని మీరంటారు, రాత్రిపూట వానలో ఆ విమానం కింద నిలబడి సామాను దింపినవాళ్లది అని నేనంటాను.

టవర్_మామ:
సామాను దింపేవాడు కాల్‌సైన్ పలకడయ్యా.

గాలిమోటార్_గిరి:
వాకీటాకీలో రోజంతా పలికేవాళ్లం. మీకు వినబడదు, అంతే.

వైజాగ్_శిరీష:
మామ గారూ, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. మూడుసార్లు "సే అగైన్" వచ్చాక నాలుగోసారి నెమ్మదిగా చెప్పాలా, మాట మార్చి చెప్పాలా?