చర్చ: “ఏంది, యానాదిదాన్లా” అనడం తిట్టా, వాడుక మాటా?

కావలి అక్క:
పోయిన వారం మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా పాప ఎనిమిదో తరగతి. తనతో చదివే పిల్ల ఒకతి మధ్యాహ్నం ఇంటికొస్తే ఇద్దరికీ అన్నం, చేపల పులుసు పెట్టాను. మా పాప జుట్టు విరబోసుకుని ఉంది. మా అత్తమ్మ వసారాలోంచి “ఏందే ఆ జుట్టు, యానాదిదాన్లా, జడేసుకోకూడదూ” అని కేకేసింది. ఆ వచ్చిన పిల్ల యానాది తెగ పిల్లేనని ఆమెకు తెలియదు. ఆ పిల్ల ఏమీ అనలేదు. నోటి దాకా తెచ్చిన ముద్ద మళ్లీ కంచంలో పెట్టేసి, ఎడం చేత్తో తన జుట్టు చెవి వెనక్కి సర్దుకుంది. కాసేపటికి “కడుపు నిండింది ఆంటీ” అని లేచి చెయ్యి కడుక్కుంది. అది నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఈ మాట చిన్నప్పట్నుంచీ విన్నాను, నేనూ అన్నాను. మన నెల్లూరు వైపు దీన్ని ఎవరూ తిట్టుగా కూడా లెక్కపెట్టరు. మానాలి, పెద్దవాళ్ల చేత కూడా మాన్పించాలి అని నేనంటాను. మీరేమంటారు?

పెన్నా గట్టు:
ఆ పిల్ల విషయం బాధే అక్కా, కాదనను. కానీ మాట పట్టుకుని పోతే ఎక్కడ ఆగుతాం? యానాది అనేది వాళ్ల తెగ పేరు, కుల ధ్రువీకరణ పత్రంలో రాసేదీ అదే. ఉన్న పేరు తప్పెలా అవుతుంది? మా నాయనమ్మ ఈ మాట రోజుకు పదిసార్లు అనేది, అదే నాయనమ్మ మా పొలంలో ఎలుకలు పట్టడానికొచ్చిన వాళ్లకు ముందు అన్నం పెట్టి తర్వాతే మాకు పెట్టేది. చూడాల్సింది మనసు. ఒక్కో మాటా తీసేసుకుంటూ పోతే రేపు మనుషులు నోరు తెరవడానికే టెన్షన్ పడతారు, భయంతో నోరు మూసుకున్నవాడు మర్యాద నేర్చుకున్నట్టు కాదు కదా.

అద్దంకి మాస్టారు:
పేరులో తప్పు లేదు, ఆ పేరు చివర తగిలించే “లా”లో ఉంది తప్పంతా. చింపిరి జుట్టుకి, మొరటుతనానికి ఒక జనం పేరును కొలతగా పెట్టుకున్నాం. పేరు దాచుకోనక్కర్లేదని మా ప్రకాశం జిల్లాలోనే చూశాం. 1994 జూలైలో ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. మంద కృష్ణ గారు తన పేరు చివర మాదిగ అని పెట్టుకున్నారు, ఆయన్ని చూసి వేలమంది పెట్టుకున్నారు. అప్పటిదాకా గొంతు తగ్గించి చెప్పుకునే మాట, లేదా ఎదుటివాడు తిట్టే మాట, గోడల మీద పెద్ద అక్షరాల్లోకి ఎక్కింది. రెండో సంగతి, మనసు మంచిదైతే చాలన్నారు. “హరిజన” అంటే దేవుడి మనుషులనే కదా అర్థం, గాంధీ గారు మంచి మనసుతోనే వాడారు. ఆ మాట వాడొద్దని 1982లో కేంద్రమే చెప్పింది, 2017లో సుప్రీంకోర్టు అది అవమానించే మాటేనంది. పిలిపించుకునే వాళ్లకు ఎలా ఉందో అడగకుండా మనమే తీర్పు చెప్పేసుకోకూడదు.

తీరం కుర్రాడు:
నేను యానాదినే, ముత్తుకూరు వైపు. మా తాత ఎలుకల కుండ ఇంకా ఇంట్లోనే ఉంది. అడుగున చిన్న బెజ్జం ఉంటుంది. లోపల ఎండుగడ్డి కుక్కి అంటించి, కుండ మూతిని బొరియకు ఆనించి, బెజ్జంలోంచి ఊదితే పొగ లోపలికి పోతుంది. సాయంత్రానికి తాత కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి. ఎలుకల పాలు కాకుండా మిగిలిన వడ్లు రైతు గాదెలోకి పోయాయి, మా పేరు మాత్రం తిట్టయింది. పెన్నా గట్టు అన్నా, మీ నాయనమ్మ ముందు మాకే అన్నం పెట్టిందన్నారు, సంతోషం. ఎక్కడ పెట్టింది? ఇంట్లోనా, గొడ్ల కొట్టం దగ్గరా?

పుట్టుకతోనే నేరస్తులని ముద్రేసే చట్టాన్ని తెల్లదొరలు 1871లో తెచ్చారు. మాలాంటి మరో తెగ ఎరుకల వాళ్లను మన కావలిలోనూ, అటు స్టువర్టుపురంలోనూ నిఘా కింద ఉంచే సెటిల్మెంట్లలో పెట్టారు. దేశమంతటా ఆ చట్టం 1952లో గానీ పోలేదు. మన నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం జీవితమంతా తిరిగారు. చట్టం పోయింది సరే, ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మా వాడ వైపే చూస్తారు. ఇప్పుడు మర్యాదగా “ఎస్టీ” అంటున్నారు. నేను చదివిన బడిలో “ఆ ఎస్టీగాణ్ణి పిలువు” అనేవాళ్లు. మాట మారింది, గొంతు అదే. అందుకే నాకు కొత్త మాటేదీ వద్దు. నా పాత పేరే కావాలి, మామూలు గొంతుతో.

కోర్టు వీధి:
చట్టం సంగతి ఒక్క ముక్క. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. నలుగురికీ కనిపించే చోట కులం పేరుతో దూషిస్తే నేరం. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేకుండా అన్నదానికి అది వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా ఇక్కడ పెద్దావిడ కేకేసింది సొంత మనవరాలి మీద. కాబట్టి ఇది ఇళ్లల్లో తేలాల్సిందే.

కందుకూరు టు బెంగళూరు:
ఢిల్లీలో చదివేటప్పుడు నన్ను “మద్రాసీ” అంటే ఒళ్లు మండిపోయేది, కొట్టుకునే దాకా వెళ్లాను. సెలవులకు ఊరొస్తే, రొయ్యల ఫ్యాక్టరీలో పనికొచ్చిన ఈశాన్య రాష్ట్రాల అమ్మాయిల్ని మావాళ్లు “చింకీలు” అంటుంటే పక్కనే కూర్చుని టీ తాగాను. ఆ మాట మీద 2012లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాసిందని తర్వాత తెలిసింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు నల్లవాళ్లను “కల్లూ” అంటారు, వాళ్లకు ఆ మాట అర్థం కాదన్న ధైర్యంతో. ఊళ్లో ఆ రోజు టీ తాగుతూ నోరెత్తనందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

పెన్నా గట్టు:
తమ్ముడూ, కొట్టం దగ్గరే. విస్తరాకులో. నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేది. నువ్వడిగే దాకా అది నాకు గుర్తుకే రాలేదు. మాటల మీద నిఘా పెట్టడం నాకిప్పటికీ నచ్చదు, అందులో మార్పు లేదు. “లా” గురించి మాస్టారు చెప్పింది మాత్రం ఒప్పుకుంటున్నాను.

తీరం కుర్రాడు:
అక్కా, ఆ పిల్ల మళ్లీ మీ ఇంటికొచ్చిందా?

కావలి అక్క:
రాలేదబ్బాయ్. అత్తమ్మకు చెప్తే “ఆ పిల్ల ఎవరో తెలిస్తే అనేదాన్నా” అంది. అంటే అది తిట్టేనని ఆమెకూ తెలుసు. ఆదివారం పాపను తీసుకుని నేనే వాళ్లింటికి వెళ్తున్నాను. తనూ వస్తానంటోంది అత్తమ్మ.