లిబరేటర్‌కి వెండి రంగు వెయ్యాలి, మన ఉక్కలో నిలుస్తుందా?

గంటస్తంభం (విజయనగరం):
అందరికీ నమస్కారం. ఇప్పటిదాకా చిన్న ఫైటర్లే చేశాను, మొదటిసారి పెద్ద బాంబర్ పట్టుకున్నాను, అకాడమీ కంపెనీ వాళ్ల ప్లాస్టిక్ మోడల్ కిట్, అసలుకి 72వ వంతు (1/72) సైజులో బి-24జె లిబరేటర్, రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా బాంబర్. రెక్క ఈ కొన నుంచి ఆ కొనకి 46 సెంటీమీటర్లు దాటుతుంది. అమెరికా గుర్తులు వద్దు, మన ఎయిర్‌ఫోర్స్ గుర్తులతోనే చెయ్యాలని ఉంది. యుద్ధం అయ్యాక కాన్పూర్‌లో పడేసిన లిబరేటర్లు మళ్లీ ఎగరకుండా పాడుచేసి పోతే, హెచ్.ఎ.ఎల్. (బెంగళూరు విమానాల ఫ్యాక్టరీ) టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని అతుకులబొంతలా ఉన్నవాటిని ఉన్నట్టే బెంగళూరుకి ఎగరేసుకెళ్లాడని, అక్కడ బాగుచేసి 1948 నవంబరులో 5వ స్క్వాడ్రన్ మొదలుపెట్టారని చదివినప్పటి నుంచీ ఈ విమానం నా బుర్రలోంచి పోవడం లేదు.

మన విమానాలు చాలావరకు రంగు లేని అల్యూమినియమే కదా. ఎయిర్ బ్రష్ కొన్నాను గానీ ఈ వానాకాలం తేమలో వెండి లాకర్ (థిన్నర్‌తో కలిపే, తొందరగా ఆరే రంగు) కొడితే తెల్లగా పొర కడుతుందని భయంగా ఉంది. రెండోది, ముందు చక్రం ఉన్న విమానం కాబట్టి తోక మీద కూలబడుతుందంటున్నారు, ముక్కులో ఎంత బరువు, ఏం బరువు పెట్టాలి? మూడోది అద్దాలు. ఈ విమానానికి ముక్కంతా అద్దాలే. సూపర్ గ్లూ వాడొచ్చా?

నాగావళి (శ్రీకాకుళం):
మంచి విమానం పట్టుకున్నారు అన్నా. ముందు వెండి సంగతి చెప్తాను. రంగు గురించి టెన్షన్ పడకండి, కింద ప్లాస్టిక్ గురించి పడండి. పచ్చరంగు అయితే చిన్న గీత దాక్కుంటుంది, వెండి మాత్రం ఏదీ దాచదు, ఇంకా ఎత్తి చూపిస్తుంది. ఫ్యూజలేజ్ (విమానం ఒళ్లు) రెండు సగాలు అతికాక ఆ అతుకు వీపు మీద ముక్కు నుంచి తోక దాకా వెళ్తుంది, అది పూర్తిగా మాయమయ్యేదాకా రంగు డబ్బా మూత తియ్యొద్దు.

కార్లకి రంగులేసే షాపుల్లో దొరికే ఎన్.సి. పుట్టీ (సందులు పూడ్చే ముద్ద) మన ఊళ్లలో సులువుగా దొరుకుతుంది, పనిచేస్తుంది, కానీ అందులో ఉండే థిన్నర్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. అందుకని పల్చగా రాసి, రాత్రంతా వదిలేసి, మళ్లీ రాయాలి. లోతైన సందులో ఒకేసారి కూరితే పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల ఆరదు, రంగు వేసిన కొన్ని వారాలకి అక్కడ గుంట పడుతుంది. తర్వాత వాటర్ పేపరు 400, 600, 1000, 1500, చివరికి 2000, అన్నీ తడిపే రుద్దాలి. 400 గీతల్ని 600తో పూర్తిగా తీశాకే 1000 పట్టుకోండి, మధ్యలో ఒకటి వదిలేస్తే వెండి కింద ఆ గీతలు గళ్లలా కనిపిస్తాయి.

తేమ విషయం. లాకర్ థిన్నర్ చాలా తొందరగా ఆవిరైపోతుంది, అలా ఆవిరయ్యేటప్పుడు రంగు పొర చల్లబడుతుంది, గాలిలో నీటి ఆవిరి దాని మీద పట్టి తెల్లబడుతుంది. కాబట్టి వాన పడుతున్నప్పుడు, తెల్లవారుజామున కొట్టకండి. వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం మంచిది. రిటార్డర్ కలిసిన నిదానపు థిన్నర్ వాడండి, కంప్రెసర్‌కి నీళ్లు పట్టే ట్రాప్ తప్పనిసరి, మన దగ్గర అది లేకుండా పని జరగదు. కింద మెరిసే నల్లరంగు వేసి, అది గట్టిపడ్డాక పైన వెండిని మంచులా పల్చగా కొట్టండి. నలుపు ఎంత నున్నగా ఉంటే లోహం అంత నిజంగా కనిపిస్తుంది.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. లిబరేటర్‌కి ఐలెరాన్లు, ఎలివేటర్లు, రడ్డర్లు, అంటే రెక్కలకీ తోకకీ వెనక కదిలే పలకలు, రేకువి కావు, గుడ్డ కప్పినవి. వాటిని మెరిపించకండి, మసక వెండి వెయ్యండి. ఆ తేడా చూపిస్తే చాలు, బొమ్మ ఒక్కసారిగా విమానం అయిపోతుంది.

వలగుండు (కళింగపట్నం):
బరువు గురించి నేను చెప్తాను. చేపల వలలు అమ్మే కొట్లో సీసం గుళ్లు అడగండి, తూకానికి ఇస్తారు. కాక్‌పిట్ వెనక గోడ చాటున, ముందు చక్రం గది పైన, ఖాళీ ఉన్నచోటల్లా నింపొచ్చు. ఇంజన్లు నాలుగూ పెద్ద చక్రాల కంటే ముందే ఉంటాయి కాబట్టి కౌలింగ్‌ల (ఇంజన్ తొడుగుల) లోపల కూడా కొంచెం పెట్టొచ్చు. ఎన్ని గ్రాములని ఎవరి లెక్కా నమ్మకండి. రెక్కలు, తోక, ఇంజన్లు అన్నీ టేపుతో తాత్కాలికంగా కట్టి, పెద్ద చక్రాలు వచ్చే చోట రెండు వైపులా వేళ్ల మీద నిలబెట్టి చూడండి, ముక్కు తేలిగ్గా కాదు, గట్టిగా కిందకి దిగాలి. రంగు వేసి, తోక టరెట్ (తుపాకుల గది) పెట్టిన తర్వాత వెనక బరువు ఇంకా పెరుగుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. సీసాన్ని ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో అతికించకండి. ఆ జిగురులో పులుపు సీసాన్ని తింటుంది, తెల్లటి బూజులా పొంగుతుంది, కొన్నేళ్లకి లోపల్నుంచి ఫ్యూజలేజ్ పగిలిపోతుంది. రెండు ట్యూబుల ఎపాక్సీ కలిపి పొయ్యండి. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఇంట్లో పిల్లలుంటే మరీను.

బాంబు తలుపులు తెరిచి పెట్టాలనుకుంటే, లిబరేటర్ తలుపులు కిందకి వేలాడవు, కొట్టు షట్టర్ లాగా పక్కల మీదకి పైకి జారతాయి. కాబట్టి మూసిన తలుపులు కోసి కిందకి వేలాడదీయకండి, తప్పయిపోతుంది.

కోటగుమ్మం (విజయనగరం):
మా ఊరివాళ్లే, సంతోషం బాబూ. అద్దాలకి సూపర్ గ్లూ వద్దే వద్దు, దాని ఆవిరి అద్దం లోపల తెల్లగా కమ్ముతుంది, మూశాక తుడవడానికి దారి ఉండదు. పైన చెప్పిన తెల్ల జిగురే అద్దాలకి మంచిది, ఆరితే కనిపించదు, చిన్న సందుల్ని కూడా నింపుతుంది. మాస్కింగ్‌కి రంగుల షాపు టేపు వెండి మీద అంటించకండి, ఊడదీసినప్పుడు వెండి కూడా వచ్చేస్తుంది. కొంచెం ఖరీదైనా మోడల్స్ కోసం చేసిన టేపే కొనండి.

ఇప్పుడు గుర్తులు. ఏ సంవత్సరం విమానం చేస్తున్నారో ముందు తేల్చుకోండి. 1948 నుంచి 1950 దాకా అశోక చక్రం గుర్తు ఉండేది, ఆ తర్వాత బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. 5వ స్క్వాడ్రన్ 1957లో కాన్‌బెర్రాలకి మారింది, 6వ స్క్వాడ్రన్ సముద్రం మీద నిఘాకి లిబరేటర్లని 1968 దాకా వాడింది. నాకైతే చక్రం గుర్తే ఇష్టం, కొత్త దేశం, పాత విమానం, రెండూ అందులో ఉన్నాయి. డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తు) వెయ్యడానికి ముందు మెరిసే వార్నిష్ కొట్టండి, గరుకు మీద వేస్తే కింద గాలి చిక్కి వెండి మరకలు పడతాయి.

ప్యానెల్ గీతల్లో (రేకుల అతుకుల్లో) నల్ల వాష్, అంటే బాగా పల్చన చేసిన రంగు, నింపే అలవాటు ఈమధ్య ఎక్కువైంది, నేను ఒప్పుకోను. వైజాగ్ ఆర్.కె. బీచ్‌లో టి.యు.-142 విమానం మ్యూజియం ఉంది కదా, ఓసారి దగ్గరగా నిలబడి చూడండి. బాంబర్ నుంచి పుట్టిన అంత పెద్ద విమానానికి కూడా రేకుల అతుకులు నాలుగు అడుగులు వెనక్కి వస్తే కనిపించవు. 72 రెట్లు తగ్గించిన బొమ్మ మీద నల్ల గళ్లు ఎందుకు? లేత బూడిద రంగు వాష్ చాలు.

నాగావళి (శ్రీకాకుళం):
ఇక్కడ మాత్రం ఒప్పుకోలేనండి. వెండి బొమ్మకి ఇంజన్ల వెనక నూనె, పొగ మరకలు ఉండాల్సిందే. గీతలన్నీ కాదు, రెక్కల్లో కదిలే భాగాల అంచులు, ఇంజన్ కౌలింగ్ ఫ్లాపులు ముదురుగా ఉంటే తప్పేం లేదు.

కోటగుమ్మం (విజయనగరం):
కదిలే భాగాలకి సరే. మిగతావాటికి లేత బూడిదే.

గంటస్తంభం (విజయనగరం):
అందరికీ చాలా థాంక్స్. చక్రం గుర్తులే ఖాయం చేశాను. సీసం, జిగురు సంగతి అస్సలు తెలియదు. ఒక్క సందేహం, రెక్కల్ని ఫ్యూజలేజ్‌కి ముందే అతికించి అన్నీ కలిపి వెండి కొట్టాలా, విడిగా కొట్టి తర్వాత అతికించాలా?

వలగుండు (కళింగపట్నం):
ముందు జిగురు లేకుండా పెట్టి చూడండి. సందు రాకపోతే విడిగానే కొట్టండి, అతుకు దగ్గర మాత్రం రంగు గీకేసి అతికించండి, రంగు మీద జిగురు పట్టదు. సందు వస్తే ముందే అతికించి పుట్టీ చెయ్యక తప్పదు. రెండు రెక్కల కొనలూ టేబుల్ నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూసుకుని, ఆరేదాకా కింద పుస్తకాలు దన్ను పెట్టండి.