బెవన్ 796, బోస్టన్ 571: రగ్బీ లీగ్ వింగర్లలో ఎవరు మిన్న?

వారింగ్టన్ వాసి:
2025 జూన్‌లో బిల్లీ బోస్టన్‌కు సర్ బిరుదు ప్రకటించిన నాటి నుంచి, ఆయనను మించిన వింగర్ పుట్టలేదని ఇక్కడ కొందరు తీర్మానించేశారు. రగ్బీ లీగ్ ఆటగాళ్లలో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే, సంతోషం. అయితే బ్రయన్ బెవన్ తన కెరీర్‌లో 796 ట్రైలు చేశాడు, బోస్టన్ 571 చేశాడు. అంచు గీత వెంట పరుగెత్తి, ప్రత్యర్థి గోల్ గీత అవతల బంతిని నేలకు తాకించి ట్రై చేయడమే వింగర్ పని అయినప్పుడు, ఇంకా చర్చ దేనికి?

విగన్ అభిమాని:
ఆ లెక్కలో టెస్టు మ్యాచ్‌లు ఎక్కడ? బోస్టన్ గ్రేట్ బ్రిటన్ తరఫున 31 టెస్టుల్లో 24 ట్రైలు చేశాడు. విగన్ క్లబ్ మొదటి జట్టుకు ఆరు మ్యాచ్‌లు ఆడాడో లేదో, 19 ఏళ్లకే గ్రేట్ బ్రిటన్ 1954 ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పర్యటనకు ఎంపికై, ఆ పర్యటనలో 18 మ్యాచ్‌ల్లో 36 ట్రైలు కొట్టాడు. బెవన్ ఆస్ట్రేలియా తరఫున ఒక్క టెస్టూ ఆడలేదు.

వారింగ్టన్ వాసి:
కెరీర్ అంతా ఇంగ్లండ్‌లో గడిపినవాడిని సొంత దేశం పిలవకపోతే అది అతడి లోపమా? క్లబ్ లెక్కే చూద్దాం: వారింగ్టన్‌కు బెవన్ 620 మ్యాచ్‌ల్లో 740 ట్రైలు, విగన్‌కు బోస్టన్ 488 మ్యాచ్‌ల్లో 478. భాగహారం మీరే చేసుకోండి.

గచ్చిబౌలి రైడర్:
కబడ్డీలో రైడర్ తెచ్చిన పాయింటు రైడర్‌దే. ఇక్కడ మాత్రం వింగర్ పక్కనే ఆడుతూ బంతి అందించిన సెంటర్‌కు వాటా ఉండదా? బోస్టన్ పక్కన సెంటర్‌గా ఎరిక్ ఆష్టన్ ఉన్నాడు కదా.

వారింగ్టన్ వాసి:
నేను చెప్పేదీ అదే.

విగన్ అభిమాని:
కాదు. మీరు చెప్పేది వేరు. నిన్న ఇంకో చోట మీరు బోస్టన్‌కు పడేవి ‘సానుభూతి మార్కులు’ అన్నారు, అది నాకు గుచ్చుకుంది. ఇక్కడి పిల్లల జట్టు ఒకటి మా అబ్బాయిని రెండు సీజన్లు గీత బయటే కూర్చోబెట్టింది. కారణం అడిగితే ‘శారీరకంగా సరిపోడు’ అన్న కోచ్, వాడికంటే పొట్టి కుర్రవాడిని ఆడించాడు. అందుకే ఎవరికి ఎన్ని ట్రైలు అన్న ప్రశ్న కంటే, ఎవరికి ఎన్ని మ్యాచ్‌లు దక్కాయన్న ప్రశ్నే నాకు ముందు తడుతుంది. 1957లో ఆస్ట్రేలియాలో ప్రపంచ కప్ ముగించుకుని జట్టు దక్షిణాఫ్రికాలో ప్రదర్శన మ్యాచ్‌లు ఆడటానికి వెళ్తే, అక్కడి వర్ణవివక్ష కారణంగా బోస్టన్ ఒక్కడూ విడిగా ఇంటికి తిరిగి రావలసి వచ్చింది. మీ భాగహారంలో ఈ సంగతి ఎక్కడ వస్తుంది?

వారింగ్టన్ వాసి:
మీ అబ్బాయి విషయంలో నాకూ బాధగానే ఉంది, కానీ ఆ కోపం బెవన్ మీద తీర్చుకోకండి. అతడూ చులకన చూపులకు గురైనవాడే. బక్కపలుచని ఒళ్లు, బట్టతల, మోకాళ్లకు చుట్టిన కట్లు చూసి ఎవరూ ఆటగాడనుకునేవారు కాదు, మొదట లీడ్స్ క్లబ్ అతడిని వద్దని పంపేసింది. బోస్టన్‌కు జరిగింది అన్యాయమే, కాదనను. అన్యాయానికి గురైనవాడిని గౌరవించవచ్చు, కానీ ఆ గౌరవాన్ని ట్రైలుగా మార్చి లెక్కలో కలపకూడదని మాత్రమే నా వాదన.

విగన్ అభిమాని:
నేను ట్రైలు కలపమనలేదు. కార్డిఫ్‌లోని టైగర్ బే నుంచి వచ్చిన నల్లజాతి కుర్రవాడు రగ్బీలో మరో రకమైన యూనియన్ ఆటలో వేల్స్ జట్టుకు ఆడాలని కలలుగని, 1953లో 3,000 పౌండ్లకు విగన్‌కు సంతకం చేసి, మళ్లీ వెనక్కి వెళ్లలేని ఆటలోకి వచ్చాడు. ఆ రోజుల్లో యూనియన్ వదిలి లీగ్‌కు వెళ్లినవారికి తలుపులు మూసుకుపోయేవి. కెరీర్ అంటే అది కూడా. మీకు కెరీర్ అంటే స్కోరు పుస్తకం, నాకు ఆ పుస్తకంలోకి చేరే దారి. మనం మొదటి నుంచీ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు చెప్పుకుంటున్నాం.

గచ్చిబౌలి రైడర్:
ఇద్దరూ చివరికి ఒకే క్లబ్‌లో ముగించారు, బ్లాక్‌పూల్ బరోలో. అది ఎవరూ చెప్పరేం?

వారింగ్టన్ వాసి:
చెప్పకపోవడం నా పొరపాటే. 1957 సంగతి నాకు ఇంతవరకు తెలియదు, నిన్నటి ‘సానుభూతి’ మాట వెనక్కి తీసుకుంటున్నాను. 796 మాత్రం తీసుకోను.