డాల్ఫిన్లు తిరిగే నీళ్లల్ల వల బంద్ పెట్టాల్నా?

సోమశిల_తెప్ప:
మొన్న ఇంట్ల లొల్లి. తమ్ముడు నల్లగొండల డిగ్రీ చదువుతుండు. డాల్ఫిన్లు తిరిగే కాడ వలలు మొత్తం బంద్ పెట్టాలంటడు. నేను ఒప్పుకోలె. మాది బెస్తోళ్ల ఇల్లు, కొల్లాపూర్ దిక్కు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌ల వల ఏస్తం. ఇక్కడ డాల్ఫిన్ లేదు, నిజమే. కానీ వల బంద్ అంటే పొయ్యి బంద్. మీరేమంటరు?

దేవరకొండ_సారు:
మీ తమ్ముడి మాటే నాది. చైనాలో యాంగ్జీ నదిలో బైజీ అనే డాల్ఫిన్ ఉండేది. 2006లో ఆరు వారాలు వెతికితే ఒక్కటీ కనపడలేదు. వేరే చేపల కోసం వేసిన గాలాలకు, వలలకు చిక్కి పోయింది. పడవలు, డ్యాములు తోడయ్యాయి. డాల్ఫిన్ చేప కాదు గదా, ఊపిరికి పైకి రావాలి. వలలో ఇరుక్కుంటే ఊపిరాడక చస్తుంది.

సోమశిల_తెప్ప:
మరి మెక్సికో ముచ్చట సార్? అక్కడి సముద్రంల వాకీటాలు, అంటే డాల్ఫిన్ లెక్కనే ఉండే చిన్న జీవులు, 1997 అంచనాల 567. 2017ల గిల్‌నెట్లు, అంటే చేప మొప్పలు ఇరుక్కునే వలలు, అక్కడ శాశ్వతంగా బంద్ జేసిన్రు. ఇయ్యాల పదికి అటూఇటూ. టొటోబా అనే చేప గాలితిత్తికి చైనాల వేల డాలర్లు పలుకుతది మరి. కాయిదం మీద బంద్, చీకటి పడితే వల నీళ్లల్లనే.
మా కాడ అలివి వల గట్లనే. నిషేధమే, అయినా గుంజుతరు. దోమతెర లెక్క సన్న కన్ను. తెల్లారి ఒడ్డుకు పోతే చిటికెనవేలంత పిల్లలు పట్టాల మీద ఎండుతుంటయ్. సర్కారు మొన్న ఇడిసినవే!

పాలమూరు_పిల్ల:
అన్నా, అలివి వలలు పట్టుకొని కాలవెట్టుండ్రి అని మొదలు మొత్తుకునేది మీరే గదా? మీ చేప పోతే బంద్ కావాలె, డాల్ఫిన్ పోతే వద్దా?

సోమశిల_తెప్ప:
మస్తు పట్టినవ్ చెల్లె. అడిగిన, అబద్ధమెందుకు. కానీ అలివి బంద్ అయితే నాకు పెద్ద కన్ను వల ఉన్నది. మెక్సికోల రొయ్యల మీద బతికేటోని చేతిల ఇంకో వల పెట్టకుంట బంద్ అంటే వాడు దొంగతనంగనే ఏస్తడు.

దేవరకొండ_సారు:
ఇది కొంత ఒప్పుకుంటాను. బీహార్‌లో డాల్ఫిన్ నూనెను చేపలకు ఎరగా వాడేవాళ్లు. చేప పేగులు, చెత్త నుంచి తీసిన నూనె కూడా అంతే పనిచేస్తుందని అక్కడి పరిశోధకులు చూపించారు. వన్యప్రాణుల రక్షణ చట్టం 1972 నుంచే ఉంది, ఎర మారాలన్న ఆలోచన తర్వాత వచ్చింది. కానీ వాకీటాలు పది ఉన్నాయి, వాటికి ఇంకో వల వచ్చేదాకా ఆగే టైం ఉందా?

సోమశిల_తెప్ప:
లేదు సార్. ఆ పదింటి కాడ వల ఉండొద్దు, గంతే. నా వాదం గంగ కోసం. 2025ల చెప్పిన లెక్క మన నదుల్ల 6,327 డాల్ఫిన్లు. ఎర మార్చనీకి, వల మార్చనీకి ఇప్పుడే టైం ఉన్నది.
తమ్మునికి ఈ చర్చ పంపిన. చూసిండు, జవాబియ్యలె. ఇంకా అలిగే ఉండు.