వెంటిలేటర్ మీదున్న రోగికి హెలికాప్టర్ మేలా, అంబులెన్స్ మేలా?

కందుకూరు వాసి:
కనిగిరి, ఉదయగిరి వైపు ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలినవారిని చాలాసార్లు చెన్నైకే తరలిస్తున్నారు. నెల్లూరు నుంచే రోడ్డు మీద సుమారు 175 కిలోమీటర్లు, మూడు గంటల పైమాట. హెలికాప్టరైతే గంటలోపే. జిల్లాకొకటి పెడితే ఏం పోయింది?

నెల్లూరు మత్తు డాక్టర్:
గంట అనేది గాల్లో ఉండే సమయం మాత్రమేనండి. మంచం నుంచి అంబులెన్స్‌కు, అక్కడి నుంచి హెలికాప్టర్‌కు, దిగాక మళ్లీ అదే తంతు. గొంతులో ట్యూబు జారే ప్రమాదం ఎక్కువ ఈ మార్పుల్లోనే. పైకి లేచాక ఆ హోరులో స్టెతస్కోపు పనికిరాదు, వెంటిలేటర్ అలారం మోగినా చెవిన పడదు. రోగి వదిలే ఊపిరిని కొలిచే కాప్నోగ్రాఫ్ తెర మీద కార్బన్ డయాక్సైడ్ గీత ఒక్కటే దిక్కు. అది చదునైపోతే ట్యూబు జారిందేమోనని మొదట అనుమానించాలి. మళ్లీ వేద్దామంటే చిన్న హెలికాప్టర్‌లో రోగి తల వైపు కూర్చోవడానికే చోటుండదు.

ఒంగోలు పాఠకుడు:
పైకి వెళ్తే పీడనం తగ్గి ఊపిరితిత్తులు పగులుతాయంటారు, నిజమేనా?

నెల్లూరు మత్తు డాక్టర్:
ఆ భయం కాస్త అతి. 8,000 అడుగుల ఎత్తు పీడనంలోనైతే ఒంట్లో చిక్కుకున్న గాలి మూడో వంతు ఉబ్బుతుంది. మన తీరం వెంట 2,000 అడుగుల్లో ఎగిరితే ఏడెనిమిది శాతమే. అయినా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారికి ముందే ఛాతీ గొట్టం వేయాల్సిందే.

అంబులెన్స్ టెక్నీషియన్, కావలి:
రోడ్డు గురించీ చెప్పనివ్వండి. బి-టైపు సిలిండర్‌లో దాదాపు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి పది లీటర్లు పోతే రెండున్నర గంటలే, చెన్నై దారికి ఒకటి చాలదు. వెంటిలేటర్ లేని బండిలో ఊపిరి అందించే ఆంబు బ్యాగును చేత్తో నొక్కుతూ వెళ్తే నాయుడుపేట దాటేసరికి చెయ్యి పట్టు తప్పుతుంది. కంగారులో నిమిషానికి ముప్పైసార్లు నొక్కేవాళ్లున్నారు. అంత వేగంగా నొక్కితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. తల గాయమున్నవారిలో అలా పడిపోతే మెదడుకు రక్తమే తగ్గుతుంది. ముందు ప్రతి బండికీ మంచి వెంటిలేటర్ ఇవ్వండి, రెక్కల సంగతి తర్వాత.

ఒంగోలు పాఠకుడు:
ఋషికేశ్ ఎయిమ్స్‌లో 2024లో హెలి అంబులెన్స్ మొదలైంది. అక్కడ కొండలు, సరే. మనకు 16వ నంబరు జాతీయ రహదారి ఉంది. పైగా నవంబరు వాయుగుండంలో ఏ పైలట్ ఎగురుతాడు?

కందుకూరు వాసి:
ఆ రహదారి ఉదయగిరికి లేదు కదండీ! నెల్లూరు చేరడానికే దాదాపు వంద కిలోమీటర్లు. నేనడిగేది నెల్లూరు నుంచి కాదు, ఉదయగిరి మైదానం నుంచి ఎగిరే హెలికాప్టర్.

నెల్లూరు మత్తు డాక్టర్:
అక్కడ ఎక్కించే ముందే ట్యూబు వేసి, రోగిని కుదుటపరిచే డాక్టర్ అందులోనే వస్తానంటే, నేను మీ వైపే.