1812లో బ్రిటన్ ప్రధాని హత్య: విచారణ గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

నెపోలియన్ యుద్ధాల కాలం నాటి బ్రిటన్ గురించి చదువుతూ స్పెన్సర్ పర్సివల్ హత్య దగ్గర ఆగిపోయాను. 1812 మే 11 సాయంత్రం కామన్స్ సభ (పార్లమెంటు దిగువ సభ) లాబీలో జాన్ బెల్లింగ్‌హామ్ అనే వ్యాపారి ప్రధానిని కాల్చి, పారిపోకుండా అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. పిస్టల్ దాచడానికి కోటు లోపల ప్రత్యేకంగా జేబు కుట్టించుకున్నాడట! రష్యాలో తనను అన్యాయంగా జైల్లో పెట్టినా ప్రభుత్వం పరిహారం ఇవ్వలేదని అతని కోపం.

15న విచారణ, 18న ఉరి. మతిస్థిమితం లేదని చెప్పే సాక్షులను రప్పించడానికి లాయరు గడువు అడిగితే కోర్టు ఇవ్వలేదు. ఇది చదివి మనసు కలుక్కుమంది. అప్పట్లో అలాంటి గడువు ఇచ్చే ఆనవాయితీ అసలు ఉండేదా?

ఇంకో సందేహం. యుద్ధంలో తటస్థ దేశాల వ్యాపారాన్ని అడ్డుకుంటూ బ్రిటన్ ఇచ్చిన, పర్సివల్ సమర్థించిన ఉత్తర్వులను ఆ జూన్‌లోనే రద్దు చేశారు కదా, పర్సివల్ బతికుంటే అది జరిగేదా? మంచి పుస్తకాలుంటే చెప్పండి, ఇంగ్లీషువైనా ఫర్వాలేదు.