మైక్రోసాఫ్ట్ వదిలి యూరప్ సాఫ్ట్‌వేర్‌కు మారడం: తెలివా, చాదస్తమా?

కోనసీమ టు హాంబుర్గ్:
మా పక్కనున్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్ర ప్రభుత్వం 2025 అక్టోబరుకల్లా 40 వేలకు పైగా మెయిల్‌బాక్సులను మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎక్స్చేంజ్ నుంచి జర్మనీవాళ్ళ ఓపెన్-ఎక్స్చేంజ్‌కి మార్చేసింది. వర్డ్, ఎక్సెల్ బదులు ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్. అది చూసి మా ఆఫీసు ఓనర్ కూడా మారదామంటున్నాడు. మేమున్నది పన్నెండు మందిమి. నేను సరే అన్నాను. 2018 నాటి అమెరికా చట్టం క్లౌడ్ యాక్ట్ ప్రకారం, సర్వర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నా సరే, అమెరికా కోర్టు ఆదేశిస్తే అమెరికా కంపెనీ డేటా ఇవ్వాల్సిందే. మన జుట్టు వాళ్ళ చేతిలో పెట్టి ఎన్నాళ్ళుంటాం?

మ్యూనిక్ మావయ్య:
తమ్ముడూ, మా ఊళ్ళో నగర ఆఫీసుల్లో విండోస్ బదులు ఏళ్ళ తరబడి ఉచిత లినక్స్ నడిపి, 2017లో మళ్ళీ విండోసే కావాలని నగర మండలి ఓటేసింది. అది పాత గొడవ, వదిలెయ్. నయారా సంగతి చూడు. గుజరాత్‌లో రిఫైనరీ ఉన్న కంపెనీ. 2025 జులైలో మైక్రోసాఫ్ట్ దానికి సేవలు ఆపేసింది. ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాక గానీ తిరిగి రాలేదు. ఆపింది అమెరికా కంపెనీయే, మరి అందుకు కారణమైన ఆంక్షలు పెట్టిందెవరు? రష్యా వాటా ఉందని యూరోపియన్ యూనియన్ పెట్టింది! పెనం మీంచి పొయ్యిలోకి దూకుతానంటావ్.

కోనసీమ టు హాంబుర్గ్:
నేనుండేది జర్మనీలో కదండీ. ఇక్కడి చట్టం నచ్చకపోతే ఇక్కడి కోర్టుకెక్కొచ్చు. వాషింగ్టన్‌లో నా మొర ఎవడు వింటాడు? అమెరికా ఆంక్షల తర్వాత అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్‌కే మైక్రోసాఫ్ట్ మెయిల్ ఆగిందని వార్తలొచ్చాయి. (కోర్టుకు సేవలు ఆపలేదని మైక్రోసాఫ్ట్ అంది, అదీ చెప్పాలి.)

సర్వర్‌ గది:
దేశాల గొడవ సరే, మార్చేవాణ్ణి నన్నడగండి. చిన్న ఆఫీసు మెయిల్ ఒక వీకెండ్ పని. ఏడిపించేవి ఎక్సెల్ మ్యాక్రోలు, అంటే పనులు వాటంతటవే జరిగేలా షీటులో రాసిపెట్టే చిన్న ప్రోగ్రాములు. మా దగ్గర రిటైరైన ఒకావిడ రాసిన జీతాల షీటుంది. లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే బటన్లన్నీ కనిపిస్తాయి, ఒక్కటీ పనిచేయదు. రెండు వారాలు నిద్ర లేదు. పైగా యూరప్ అనగానే భద్రం అనుకోకండి. 2021 మార్చిలో స్ట్రాస్‌బుర్గ్‌లో ఫ్రాన్స్ కంపెనీ ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడితే, వేరేచోట బ్యాకప్ లేనివాళ్ళ డేటా బూడిదైంది.

పాత డీటీపీ:
తెలుగువాళ్ళకిది కొత్తా? మా నాన్నగారి వ్యాసాలన్నీ అప్పట్లో యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదవగల అక్షరాల పద్ధతి) కాని ఫాంట్‌లో టైపు చేయించాం. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే డాలర్లూ బ్రాకెట్లూ. దాన్ని చేసింది మనవాళ్ళే! సాఫ్ట్‌వేర్ కంపెనీది ఏ దేశమో తర్వాత చూద్దాం, ముందు బయటికి దారుందా అని అడగండి. ఫైళ్ళు ఏ ఒక్క కంపెనీదీ కాని ఓడీఎఫ్ ఫార్మాట్‌లో దాచండి, మెయిల్ సొంత డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత వచ్చే మన పేరు) మీద పెట్టండి. రేపు ఆ కంపెనీతో చెడినా అడ్రస్ మారదు.

మ్యూనిక్ మావయ్య:
ఇది ఒప్పుకుంటా. లినక్స్ మాత్రం ఒప్పుకోను.

కోనసీమ టు హాంబుర్గ్:
డొమైన్ గురించి ఇప్పుడే అడిగాను. మా ఓనర్‌తో గొడవపడి వెళ్ళిపోయిన పార్ట్‌నర్ పేరు మీదుందట. ముందు ఆయనకెవరు ఫోన్ చేస్తారో చూడాలి.